ఇంటీరియర్ డిజైనర్ కావాలనుకునేవారికి: బరంపురం నుంచి రాయగడ దాకా పనికొచ్చే పదాలు, కొలతలు, లెక్కలు

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా ముందు అడిగేది ఏ కోర్సు చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. రెండూ అవసరమే. కానీ వాటికంటే ముందు ఈ పనికి ఉన్న పదాలు పట్టుబడాలి. ప్రతి పదం వెనక ఒక కొలతో, ఒక ఖర్చో, వెనక్కి తీసుకోలేని ఒక నిర్ణయమో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా పదం ఒక్కటే నేర్చుకుంటే ఇంటివాళ్ల ముందు మాట్లాడగలరేమో గానీ మేస్త్రీ ముందు నిలబడలేరు.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దున ఉన్న మన ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం. ఇంటాయన తెలుగులో చెబుతారు, వడ్రంగి ఒడియాలో వింటాడు, టైల్స్ వేసే అతను హిందీలో జవాబిస్తాడు. వంటగదిని మనం వంటిల్లు అంటే వాళ్లు రొసెయి ఘర అంటారు, పూజ గదిని ఠాకుర ఘర అంటారు. ఇన్ని నోళ్ల మధ్య మారకుండా నిలిచేవి కాగితం మీద గీత, దాని పక్కన అంకె. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి పదాన్నీ దాని అంకెతో కలిపి ఇస్తున్నాను.

ముందుగా మీరు ఎవరో తెలుసుకోండి

డెకరేటర్ ఉన్న గదికి రంగు, పరదా, సామాను ఎంచుతారు. ఇంటీరియర్ డిజైనర్ గది వాడకాన్నే మారుస్తారు: ఎక్కడ నడవాలి, ఎక్కడ కూర్చోవాలి, కరెంటు పాయింటు ఎక్కడ రావాలి, గచ్చు ఏ మట్టంలో ఉండాలి అన్నవి నిర్ణయిస్తారు. ఆర్కిటెక్ట్ అనే పేరు వేరు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. మన విజిటింగ్ కార్డు మీద ఆ మాట రాయకూడదు. పిల్లర్, దూలం, శ్లాబు, బరువు మోసే గోడల జోలికి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా వెళ్లకూడదు. బరంపురం పాత వీధుల్లో ఇరుకు ముఖం, పొడవైన లోతు ఉన్న ఇళ్లకు పక్కింటితో ఉమ్మడి గోడలుంటాయి. అలాంటి గోడకు గూడు తవ్వే ముందు అది ఎవరిదో, ఏం మోస్తోందో కనుక్కోండి.

మొదటి అడుగు: ఇంటిని కొలవడం

దీన్ని సైట్ మెజర్‌మెంట్ అంటారు. డ్రాయింగులన్నీ మిల్లీమీటర్లలో గీయండి. మేస్త్రీతో మాత్రం అడుగులు, అంగుళాల్లో మాట్లాడాలి. అంగుళానికి 25.4 మి.మీ., అడుగుకు 304.8 మి.మీ. అంగుళంలో ఎనిమిదో వంతును మన వడ్రంగులు నూలు అంటారు, హిందీ మాట్లాడేవారు సూత్ అంటారు. అంటే దాదాపు 3 మి.మీ. షట్టర్ల (అలమర తలుపుల) మధ్య సందు ఇంతే ఉండాలి కాబట్టి ఈ కొలత రోజూ నోట్లో ఆడుతుంది.

గది పొడవు, వెడల్పు తీస్తే కొలత పూర్తయినట్టు కాదు. మూలనుంచి మూలకు రెండు కర్ణాలూ తీయండి. రెండూ సమానంగా లేకపోతే గది మూలమట్టానికి లేదన్నమాట. ఆ గదిలో గోడనుంచి గోడకు వార్డ్‌రోబ్ గీస్తే ఒక పక్క ఇరుక్కుంటుంది, ఇంకో పక్క సందు తేలుతుంది. ఆ సందును మూసే పట్టీకి ఫిల్లర్ అని పేరు. దాన్ని డ్రాయింగులో ముందే చూపించాలి. గోడ నిలువు తూకుగుండుతో, గచ్చు మట్టం రసమట్టంతో చూడాలి.

తర్వాత ఎత్తులు. కిటికీ కింది అంచు సిల్, సాధారణంగా 900 మి.మీ. కిటికీ, గుమ్మం పై అంచు లింటెల్, సాధారణంగా 2100 మి.మీ. శ్లాబు కిందికి దిగిన దూలం భాగాన్ని బీమ్ డ్రాప్ అంటారు. ఇది రాసుకోవడం మరిచిపోతే అటక షట్టర్లు, ఏసీ పైపు, ఫాల్స్ సీలింగ్ మూడూ ఒకచోట గుద్దుకుంటాయి. స్విచ్‌బోర్డులు, నీటి పైపులు, గచ్చులో మురుగు వెళ్లే తూము, గోడ మీద చెమ్మ మరకలు అన్నీ గుర్తు పెట్టండి. ఉన్నది ఉన్నట్టు గీసిన ఈ పటాన్ని యాజ్-బిల్ట్ డ్రాయింగ్ అంటారు.

రెండో అడుగు: ఇంటివాళ్ల మాట రాసుకోవడం

దీని పేరు బ్రీఫ్. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎవరికి మోకాళ్ల నొప్పి, ఏం వండుతారు, ఎన్ని జాడీల ఆవకాయ పెడతారు, బడ్జెట్ ఎంత, ఎప్పటిలోగా కావాలి అన్నవి అందులో ఉండాలి. మన దగ్గర అదనంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది. ఇల్లంతా చుట్టాలతో నిండుతుంది. హాల్లో కింద పక్కలేసుకుని పడుకుంటారు. ఆ పరుపులు, దుప్పట్లు మిగతా రోజుల్లో ఎక్కడుంటాయి? హాల్లో కదలని భారీ సోఫా పెడితే ఆ పక్కలు ఎక్కడ పరుస్తారు? ఇలాంటివి అడిగితేనే బ్రీఫ్ ఆ ఇంటిది అవుతుంది.

వాస్తు గురించి కూడా మొదటి రోజే అడిగి రాసుకోండి. మీ నమ్మకం ఏదైనా సరే, ఈశాన్యంలో దేవుడు, ఆగ్నేయంలో పొయ్యి కావాలని వాళ్లు అనుకుంటే అది ప్లాన్‌కు ఒక షరతు. సగం పని అయ్యాక తెలిస్తే గోడలు పగలగొట్టాలి.

గంజాం జిల్లాలో ఎన్నో ఇళ్లకు సూరత్ నుంచి డబ్బు వస్తుంది. మన తెలుగువాళ్ల ఇళ్లకు హైదరాబాద్, విశాఖ నుంచి వస్తుంది. డబ్బు పెట్టేవారు అక్కడ, ఉండేవారు ఇక్కడ. ఎవరి మాట చివరిదో బ్రీఫ్‌లోనే రాయించుకోండి. ఫోన్లో అన్న మాటను ఆ రోజే సందేశంగా పంపి, సరేనని జవాబు తెప్పించుకోండి.

మూడో అడుగు: స్థలం పంచడం

స్పేస్ ప్లానింగ్ అంటే ఇదే. ముందు వలయాలుగా గీసే బబుల్ డయాగ్రమ్‌తో ఏ పని ఏ పని పక్కన ఉండాలో చూస్తారు. వంట పక్కన భోజనం, పూజ గదికి దూరంగా స్నానాల గది, వీధి గుమ్మం నుంచి నేరుగా పడకగది కనబడకుండా. ఇలా దగ్గర, దూరాలు నిర్ణయించడాన్ని అడ్జసెన్సీ అంటారు. బయటివారు వచ్చే భాగం, ఇంటివారి భాగం, పనుల భాగం అని విడదీయడం జోనింగ్. మనుషులు నడిచే దారి సర్క్యులేషన్.

మన పాత ఇళ్లలో వీధి అరుగు, వసారా, నడవ, పెరడు ఈ పనంతా చేసేవి. ఒడియా ఇళ్లలో పిండా అనే అరుగు కూడా అంతే: వచ్చిన మనిషి అక్కడే కూర్చుని మాట్లాడి వెళ్లిపోయేవాడు. అపార్ట్‌మెంటులో అరుగు లేదు గనుక గుమ్మం లోపల చెప్పులు, గొడుగు, కూర్చుని విప్పుకునే చిన్న బల్లతో ఒక చోటు కల్పించాలి. దీన్ని ఫోయర్ అంటారు. నాలుగడుగుల జాగా చాలు.

జాతీయ భవన నియమావళి 2016 ఇచ్చిన కనీస కొలతలు కంఠస్థం కావాలి. నివాస గది 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు. వంటిల్లు 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. గది ఎత్తు 2.75 మీటర్లు, ఏసీ గదికి 2.4. ఫాల్స్ సీలింగ్ ఎంత దించవచ్చో చెప్పేవి ఈ రెండు ఎత్తులే. 10 అడుగుల శ్లాబు కింద అరడుగు దించితే ఇంకా 2.9 మీటర్లు మిగులుతుంది, బాగానే ఉంటుంది. 9 అడుగుల శ్లాబు కింద, ఫ్యాను తిరిగే చోట, దించమని అడిగినా వద్దని చెప్పండి.

నాలుగో అడుగు: మనిషి కొలతలు

మనిషి ఒంటి కొలతల శాస్త్రం ఆంత్రోపోమెట్రిక్స్. ఆ కొలతలకు వస్తువును సరిపెట్టడం ఎర్గోనామిక్స్. భోజనాల బల్ల ఎత్తు 750 మి.మీ., కుర్చీ సీటు 430 నుంచి 450. వార్డ్‌రోబ్ లోతు 600. నడిచే దారి 900. చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మి.మీ. వలయం కావాలి.

వంటింటి గట్టు పుస్తకంలో 850 మి.మీ. అని ఉంటుంది. అది సగటు. రోజూ వండే మనిషిని నిలబెట్టి, మోచేయి మడిచి, నేలనుంచి మోచేతి దాకా కొలిచి అందులోంచి 100 నుంచి 150 తీసేయండి. అత్తగారు పొట్టి, కోడలు పొడుగు అయితే ఎవరు ఎక్కువసేపు నిలబడతారో అడగండి. గట్టు లోతు 600, పై అరలు 300 నుంచి 350, గట్టుకూ పై అరలకూ మధ్య 600. ఆ మధ్య గోడకు వేసే టైల్స్ డాడో.

పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడింటినీ కలిపే ఊహాగీతలు వర్క్ ట్రయాంగిల్. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మొత్తం 26 అడుగులు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. వంటింటిని ఇలా అడుగులతో కొలిచి ఆలోచించడం కొత్తేమీ కాదు. ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ వంటింటిని గీసినప్పుడు మనిషి వేసే అడుగులను లెక్కించే గీశారు. మన వంటింటికి గ్రైండర్, బియ్యం డబ్బా, జాడీలు అదనం. నిండు జాడీలు పెట్టే సొరుగు జారే ఛానెల్ (లోహపు పట్టీ) ఎన్ని కిలోలు మోస్తుందో డబ్బా మీద చదివి కొనండి.

ఐదో అడుగు: వెలుగు

కొత్తగా వచ్చినవాళ్లు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది ఇదే. నాకు మాత్రం ఇంటీరియర్‌లో సగం పని వెలుగే అనిపిస్తుంది. నాలుగు పదాలు చాలు. దీపం ఎంత వెలుగు ఇస్తుందో ల్యూమెన్లలో చెబుతారు. చదరపు మీటరు మీద ఎంత పడుతుందో లక్స్. వెలుగు పసుపుగా ఉందా తెల్లగా ఉందా అన్నది కెల్విన్: 2700 నుంచి 3000 అంటే పసుపు వెచ్చదనం, 4000 మధ్యస్థం, 6500 నీలి తెలుపు. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయా అన్నది సీఆర్‌ఐ, పూర్తి మార్కులు 100.

ఒక లెక్క చేద్దాం. గది 10 అడుగులు, 12 అడుగులు. 120 చదరపు అడుగులు, అంటే 11.15 చదరపు మీటర్లు. కూర్చుని మాట్లాడుకునే గదికి 150 లక్స్ చాలనుకుంటే 11.15ను 150తో గుణించండి: దాదాపు 1672 ల్యూమెన్లు. కానీ దీపం వెలుగంతా కిందికి చేరదు. గోడలు, కప్పు కొంత మింగుతాయి. అందుకు 0.6 అనుకుందాం. దుమ్ము పట్టి, దీపం పాతబడి తగ్గేదానికి 0.8. రెండూ గుణిస్తే 0.48. 1672ను 0.48తో భాగిస్తే సుమారు 3480 ల్యూమెన్లు. వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే ఎల్‌ఈడీ అయితే 35 వాట్లు: 9 వాట్ల దీపాలు నాలుగు. సీలింగులో పన్నెండు పెట్టమని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ కావాలి. దాన్ని సీలింగు నుంచి ఇవ్వకుండా బల్ల దగ్గరే దీపం పెట్టండి. గదంతా పరుచుకునేది యాంబియంట్, పనికోసం పెట్టేది టాస్క్, ఒక వస్తువును చూపించేది యాక్సెంట్. మూడింటికీ వేర్వేరు స్విచ్చులు ఉండాలి.

సీఆర్‌ఐ విలువ తెలియాలంటే బరంపురం పట్టుచీరల దుకాణంలో నిలబడండి. ఫోడా కుంభ అంచున్న చీర లోపల ఒక ఎరుపు, వీధిలోకి తెస్తే ఇంకో ఎరుపు. రవిక గుడ్డ లోపల సరిపోతుంది, బయట సరిపోదు. రెండు రంగులు ఒక దీపం కింద ఒకేలా, ఇంకో దీపం కింద వేరుగా కనబడటాన్ని మెటామెరిజం అంటారు. దీపం డబ్బా మీద రాసే సీఆర్‌ఐ ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును ఎలా చూపిస్తుందో చెప్పే అంకె వేరు, దాన్ని ఆర్9 అంటారు. సగటు 80 దాటినా ఆర్9 సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. అలాంటి దీపం కింద మెరూన్ పట్టు గోధుమ రంగులోకి దిగిపోతుంది. చీరల దుకాణానికి దీపాలు రాసేటప్పుడు సీఆర్‌ఐ 90 పైన, ఆర్9 50 పైన అని స్పెసిఫికేషన్‌లో రాయండి. ఇంట్లో అద్దం ముందు దీపానికి, వంటింటి గట్టు మీద దీపానికి కూడా ఈ జాగ్రత్త పనికొస్తుంది.

రంగుల పదాలు త్వరగా చెప్పేస్తాను. రంగు పేరు హ్యూ, లేత ముదురు తేడా వాల్యూ, గాఢత క్రోమా. గోడ మీద పడిన వెలుగులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె ఎల్‌ఆర్‌వీ: నలుపు 0, తెలుపు 100 దగ్గర. ఒకే కిటికీ ఉన్న లోతైన మధ్య గదికి 70 పైన ఉన్న రంగు ఎంచండి. గదిలో 60 పాళ్లు ఒక రంగు, 30 ఇంకోటి, 10 మెరుపు అనే సూత్రం మొదలుపెట్టడానికి బాగుంటుంది. సమతుల్యం, లయ, అనుపాతం, ప్రాధాన్యం, ఏకత్వం అనే డిజైన్ సూత్రాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పర్లాకిమిడి రాజభవనం ముందు నిలబడి కిటికీల వరసను, స్తంభాల మధ్య ఎడాన్ని గీయడం మొదలుపెడితే ఇంకా త్వరగా వస్తాయి.

ఆరో అడుగు: సముద్రగాలికి, చెమ్మకు తట్టుకునే సామాను

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. ఇలాంటి చోట సామాను ఎంపికలో ముందు చూడాల్సింది నీరు, ఉప్పు, చెద. అందం తర్వాత.

ప్లైవుడ్‌లో మూడు మాటలు వింటారు. ఎంఆర్ అంటే తేమను కొంత ఓర్చుకునేది. నీళ్లను మాత్రం ఓర్చుకోదు. బీడబ్ల్యూఆర్ మరిగే నీళ్లను కొంతవరకు ఓర్చుకుంటుంది. బీడబ్ల్యూపీ, అంటే ఐఎస్ 710 మెరైన్ ప్లై, 72 గంటలు మరిగించినా పొరలు విడవకూడదు. తేడా ముఖ్యంగా జిగురులో ఉంది: ఎంఆర్‌లో యూరియా ఫార్మాల్డిహైడ్, మిగతా రెంటిలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్. సింకు కింద, స్నానాల గది గోడను ఆనుకుని, నేలనుంచి మొదటి అడుగు ఎత్తు వరకు ఐఎస్ 710 తప్ప ఇంకేదీ రాయకండి. పడకగది పై అరలకు అంత అవసరం లేదు, డబ్బు మిగులుతుంది. ప్లై మీద ఐఎస్‌ఐ గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. షాపు ముందే చూడండి, ఆటోలోంచి దించాక కాదు.

చెక్క నారను, పొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డ్ నునుపుగా, చవకగా ఉంటాయి. నీరు తగిలితే అంచులు ఉబ్బుతాయి, మళ్లీ పూర్వపు స్థితికి రావు. కోత పెట్టిన ప్రతి అంచుకూ ఎడ్జ్ బ్యాండ్ అనే పట్టీ అతికించండి. కనబడే అంచుకు 2 మి.మీ., లోపలివాటికి 0.8 చాలు. మనవాళ్లు సన్‌మైకా అనే లామినేట్ బయటికి 1 మి.మీ. వాడతారు. లోపల కూడా పలచనిది వేయాలి. ఒకవైపే అతికిస్తే చెమ్మకు చెక్క వంగుతుంది. లోపలి ఆ పొరను బ్యాలెన్సింగ్ లామినేట్ అంటారు.

స్టీలు విషయంలో గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 202 గ్రేడు ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది, 304 మెరుగు. బాల్కనీ రెయిలింగ్ లాంటి బయటి పనికి 316 రాయండి. అందులోని మాలిబ్డినం ఉప్పును ఎదుర్కొంటుంది. అయస్కాంతం పెట్టి చూసి 202కూ 304కూ తేడా చెప్పలేరు. అందుకే బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి.

బయటి గోడకు ఆనించే వార్డ్‌రోబ్ వెనక వేలు దూరేంత ఖాళీ వదలండి. గోడలో చెమ్మ ఉంటే ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాత ఎండనివ్వడం, ఆ తర్వాతే పుట్టీ. గోడమీద తెల్లగా ఉప్పు పొంగడాన్ని ఎఫ్లోరెసెన్స్ అంటారు. దాని మీద వాల్‌పేపర్ అతికించి దాచడం ఇంటివాళ్లను మోసం చేయడమే. చెదమందు ఫర్నిచర్ రాకముందు, గచ్చుకూ గోడకూ కలిసే మూలల్లో కొట్టించాలి.

రాయికి దూరం వెళ్లక్కర్లేదు. టెక్కలి నీలి గ్రానైట్ మన పక్కనే ఉంది. గట్టుకు, గడపకు, మెట్లకు చక్కగా పనికొస్తుంది.

స్థానిక చేతిపనుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. గుణుపురం దగ్గర పుట్టాసింగి కొండల్లో లాంజియా సవర గిరిజనులు గోడ మీద వేసే ఇడితాల్ బొమ్మలు పూజకు సంబంధించినవి. 2024లో ఆ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటర్నెట్‌లోంచి దించి వినైల్ మీద అచ్చు వేసి హోటల్ గోడకు అతికించకండి. సవర చిత్రకారులను పిలిచి, ఏ బొమ్మ ఏ గోడకు తగునో వాళ్లనే అడిగి, పేరు రాసి, కూలి కాకుండా కళాకారుడికి ఇవ్వాల్సినంత ఇవ్వండి. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాలపాటు పనిచేసిన పర్లాకిమిడి మనది. ఆ జనం కళ మీద మనకు ఆపాటి గౌరవం ఉండాలి. కొరాపుట్ వైపు కోట్‌పాడ్ నేత ఆల్ అనే చెట్టు వేరు రంగుతో వస్తుంది, దానికి 2005లోనే గుర్తింపు దక్కింది. సోఫా దిండ్లకు, గోడ తెరలకు ఎంత బాగుంటుందో వాడి చూడండి. పర్లాకిమిడి కొమ్ము పని, బెల్లగుంఠ ఇత్తడి చేప కూడా అంతే. బడ్జెట్‌లో వీటికి ఒక పద్దు కేటాయించండి.

ఏడో అడుగు: డ్రాయింగులు

గదిని నేలనుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు గీసేది ప్లాన్. గోడ ఎదుట నిలబడి చూసినట్టు గీసేది ఎలివేషన్. నిలువుగా కోసి చూపేది సెక్షన్. సీలింగ్ నేల మీది అద్దంలో కనబడినట్టు గీసేది రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్. దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు అందులో ఉంటాయి. ఇల్లంతా 1:50 స్కేలులో (అసలు కొలతలో యాభయ్యో వంతు), ఒక గది 1:20లో, కీలు దగ్గర వివరం 1:5లో. త్రీడీ బొమ్మ ఇంటివాళ్లను ఒప్పించడానికి ఉపయోగపడుతుంది. దాన్ని చూసి వడ్రంగి కోత వేయలేడు.

పని మొదలుపెట్టడానికి ఇచ్చే ఆఖరి కాగితాలను జీఎఫ్‌సీ (గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్) సెట్ అంటారు. ప్రతి కాగితం మీద తేదీ, రివిజన్ నంబరు ఉండాలి. కొత్తది ఇచ్చిన రోజు పాతది సైటులోంచి వెనక్కి తీసుకోండి. కొలతల పక్కన మాటలు తక్కువ రాసి, అంకెలు, గుర్తులు ఎక్కువ వాడితే ఒడియా మేస్త్రీకీ తెలుగు మేస్త్రీకీ ఒకే కాగితం సరిపోతుంది.

ఎలక్ట్రికల్ లేఅవుట్‌లో దీపాలకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మి.మీ. తీగ సాధారణం. ప్రాణం కాపాడేది, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు. అది లేని ప్లాన్ మీద సంతకం పెట్టకండి.

ఎనిమిదో అడుగు: బీఓక్యూ

బిల్ ఆఫ్ క్వాంటిటీస్. ప్రతి పనికీ వర్ణన, యూనిట్, పరిమాణం, రేటు, మొత్తం. ‘వార్డ్‌రోబ్ ఒకటి’ అని రాస్తే గొడవకు పిలుపు. ఏ ప్లై, ఏ మందం, లోపల ఏ లామినేట్, ఏ రకం కీలు, ఎన్ని సొరుగులు అన్నీ రాయాలి.

ప్లై లెక్క ఇలా వేయండి. షీటు 8 అడుగులు, 4 అడుగులు: 32 చదరపు అడుగులు. 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ తీసుకోండి. రెండు పక్కలు, నడుమ పలక కలిసి మూడు: 42. పైనా కిందా: 24. మూడడుగుల అరలు ఆరు: 36. తలుపులు: 42. మొత్తం 144, అంటే నాలుగున్నర షీట్లు. కోతలో పోయేది కలిపితే 5. వెనక 6 మి.మీ. పలకకు 42 చదరపు అడుగులు, రెండు షీట్లు.

ఇందులో ఒక కిటుకు ఉంది. షీటు వెడల్పు 1220 మి.మీ. మధ్యకు కోస్తే ఒక్కోటి 610, రంపం మందం పోగా కొంచెం తక్కువ. పక్క పలక 580, తలుపు 18 కలిపితే లోతు సరిగ్గా 600 చుట్టూ వస్తుంది, షీటుకు రెండు పలకలు దొరుకుతాయి. అందం కోసం లోతు 650 చేశారనుకోండి, షీటుకు ఒక్క పలకే, మిగతా ముక్క వృథా. కొలతకూ ఖర్చుకూ ఇంత దగ్గర చుట్టరికం. షీటు మీద ముక్కలను ముందే పేర్చి చూసే కాగితాన్ని కటింగ్ లిస్ట్ అంటారు. వడ్రంగితో కలిసి కూర్చుని వేయండి, వాళ్ల చేతి అనుభవం మన లెక్కను సరిచేస్తుంది.

తొమ్మిదో అడుగు: ఒప్పందం, పన్ను

ఫీజు మూడు రకాలు: చదరపు అడుగుకింత, పని ఖర్చులో ఇంత శాతం, లేదా మొత్తానికి ఇంత. డిజైన్ మాత్రమే ఇస్తారా, సామాను కొని పని చేయించి తాళం చెవి చేతికిచ్చే టర్న్‌కీనా అన్నది స్కోప్. ఎన్ని మార్పులు ఉచితం, సైటుకు ఎన్నిసార్లు వస్తారు, ఏ దశలో ఎంత సొమ్ము అన్నవి రాతలో ఉండాలి. మధ్యలో అదనంగా అడిగినదానికి వేరియేషన్ ఆర్డర్ రాసి సంతకం తీసుకోండి. షాపులనుంచి కమీషన్ తీసుకుంటూ ఇంటివాళ్లకు చెప్పకపోవడం ఈ వృత్తికి పట్టిన తెగులు. ఫీజు సూటిగా అడగండి, షాపు రాయితీ ఇంటివాళ్లకే ఇవ్వండి.

సేవలకు ఏడాదికి 20 లక్షల రాబడి దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. డిజైన్ సేవకు 18 శాతం. సరిహద్దులో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: స్థిరాస్తికి సంబంధించిన సేవకు, ఇంటీరియర్ డెకరేటర్ల పని సహా, ఆస్తి ఉన్న చోటే సేవ జరిగిన చోటు. ఒడిశాలో నమోదైన మీరు ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో ఇంటికి పని చేస్తే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య పన్ను) వస్తుంది. బరంపురం ఇంటికైతే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా). సరిహద్దు దాటితే బిల్లు మారుతుంది, ఇది మొదటి బిల్లుకు ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

చదువు సంగతి: ఇంటర్ తర్వాత నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ బీడెస్ ఉంది, దానికి యూసీడ్ లాంటి ప్రవేశ పరీక్షలున్నాయి. డిప్లొమాలూ ఉన్నాయి. ఏది చదివినా సెలవుల్లో ఒక వడ్రంగి దగ్గర కూర్చోండి. పోర్ట్‌ఫోలియోలో త్రీడీ బొమ్మల కంటే, మీ ఇంటినే కొలిచి గీసిన ప్లాన్, ఒక ఎలివేషన్, ఒక బీఓక్యూ, ఒక కటింగ్ లిస్ట్ ఎక్కువ మాట్లాడతాయి. 1972లో మొదలైన ఇంటీరియర్ డిజైనర్ల జాతీయ సంస్థ ఐఐఐడీలో విద్యార్థులకూ సభ్యత్వం ఉంటుంది.

పదో అడుగు: సైటు, అప్పగింత

పని వరస తప్పకూడదు. పగలగొట్టడం, నీటి పైపులు, కరెంటు గొట్టాలు, వాటర్‌ప్రూఫింగ్, గచ్చు, సీలింగ్, చెక్కపని, మొదటి కోటు రంగు, దీపాలు, చివరి కోటు. గచ్చు వేశాక దాని మీద ప్లాస్టిక్ షీటు పరచకపోతే వడ్రంగుల పని అయ్యేసరికి గీతలు మిగులుతాయి.

మేస్త్రీని పేరుతో, వయసుకు తగ్గ వరసతో పిలవండి. తెలుగాయనైతే మేస్త్రీ గారూ అనండి, ఒడియా ఆయనైతే భాయి అనండి. తప్పు చూపించాల్సి వస్తే ఇంటివాళ్ల ముందు కాకుండా పక్కకు తీసుకెళ్లి, డ్రాయింగు తెరిచి, అంకె మీద వేలు పెట్టి చూపించండి.

పని అయ్యాక గది గదికీ తిరిగి లోపాలు రాసే పట్టిక స్నాగ్ లిస్ట్. ప్రతి తలుపూ తెరిచి మూయండి, ప్రతి సొరుగూ పూర్తిగా లాగండి, ప్రతి స్విచ్చూ వేయండి, సింకు నింపి ఒక్కసారిగా వదిలి కింద చేయి పెట్టి తడి చూడండి. లోపాలు సరిచేసే గడువును డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు, ఆ గడువు దాకా ఇంటివాళ్లు కొంత సొమ్ము ఆపుకుంటారు, అది రిటెన్షన్. వానాకాలం ఒకటి గడిచేలా ఆ గడువు పెట్టుకుంటే చెమ్మ ఎక్కడ దిగుతుందో అందులోనే బయటపడుతుంది. తాళం చెవులతో పాటు ఇవ్వాల్సిన ఫైలులో యాజ్-బిల్ట్ డ్రాయింగులు, గోడల్లో తీగలు, పైపులు వెళ్లిన దారుల ఫొటోలు, రంగుల కోడ్ నంబర్లు, లామినేట్ నంబర్లు, వారంటీ కార్డులు, నీటి వాల్వులు ఎక్కడున్నాయో చూపే పటం ఉండాలి. దానితో పాటు ఒక చిన్న సంచిలో మిగిలిన టైల్స్, అదనపు కీళ్లు, ఒక డబ్బా రంగు ఇచ్చి, రెండోసారి చూడటానికి ఎప్పుడొస్తారో తేదీ రాసి ఇవ్వండి.